మధ్యాహ్నం పేపరొచ్చే ఊళ్లో పొద్దున్నే పేపరు

(విశాఖపట్నంలో జరిగిన ఒక గ్రంథాలయ సమావేశంలో, చాలాకాలం పత్రికల డెస్కుల్లో పనిచేసిన వక్త చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి బాబూ, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు వినబడుతోందా? వినబడుతోంది. సరే.

నన్ను పిలిచినవాళ్లు కార్డు మీద 'విశాఖ పత్రికల చరిత్ర' అని వేశారు. అంత బరువు నేను మోయలేను. ఈ ఊళ్లో చిన్నా పెద్దా పత్రికలు చాలా వచ్చాయి, చాలా పోయాయి. విశాఖ సమాచారం, లీడర్ లాంటి పేర్లు మీలో చాలామందికి తెలుసు. వాటన్నిటి గురించీ చెప్పాలంటే ఈ సాయంత్రం చాలదు. అందుకని ఒక్క పత్రిక పట్టుకుంటాను. 1974 ఆగస్టు 10న మన విశాఖపట్నంలో మొదలైన ఈనాడు. ముందే ఒక మాట చెప్పేస్తున్నా. నేను జీతం తీసుకున్నది అందులో కాదు, దానికి పోటీ పత్రికల్లో. కాబట్టి నేను పొగిడితే నమ్మండి, తిట్టితే మాత్రం కాస్త తగ్గించుకుని వినండి.

పత్రిక చరిత్ర అనగానే మనం ఏం చెప్తాం? ఫలానా సంపాదకుడు, ఫలానా సంపాదకీయం, ఫలానా పోరాటం. అది తప్పు కాదు. కానీ నలభై ఏళ్లు రాత్రి డ్యూటీలు చేసినవాడికి పత్రిక అంటే ముందు గుర్తొచ్చేది గడియారం. పేజీ ఎన్నింటికి వదిలారు, మిషన్ ఎన్నింటికి తిరిగింది, వ్యాను ఎన్నింటికి బయల్దేరింది, గుమ్మంలో పేపరు ఎన్నింటికి పడింది. నేను చెప్పబోయేది ఆ గడియారం కథ.

1974 నాటి విశాఖపట్నం ఎలా ఉండేదో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. జనాభా మూడున్నర లక్షలు, కాస్త అటూ ఇటూగా. 1933 నుంచీ పోర్టు ఉంది. షిప్ యార్డు ఉంది, 1948లో నెహ్రూ వచ్చి 'జల ఉష' ఓడను నీళ్లలోకి దింపింది అక్కడే. 1957 నుంచి రిఫైనరీ ఉంది. తర్వాత భారీ ప్లేట్లు, వెసెల్స్ చేసే బీహెచ్‌పీవీ ఫ్యాక్టరీ వచ్చింది, కోరమాండల్ ఎరువుల ఫ్యాక్టరీ వచ్చింది. 1968లో తూర్పు నౌకాదళం ప్రధాన కేంద్రం వచ్చింది. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం సరేసరి. అంటే ఏమిటి? నెలజీతగాళ్ల ఊరు. యూనియన్ల ఊరు. విద్యార్థుల ఊరు. చదువుకున్నవాళ్లు, జేబులో పేపరు కొనుక్కునే డబ్బులున్నవాళ్లు, మాట్లాడ్డానికి బోలెడు సంగతులున్నవాళ్లు. అలాంటి ఊరికి పెద్ద తెలుగు దినపత్రిక ఎన్నింటికి వచ్చేది?

చెప్పండి మాస్టారూ, మీకు గుర్తుండాలి. మధ్యాహ్నం. అంతేగా?

ఎందుకంటే పత్రికలన్నీ అచ్చయ్యేది విజయవాడలో. ఆంధ్రపత్రిక 1914లో, ఆంధ్రప్రభ 1938లో దినపత్రికలుగా మద్రాసులో మొదలయ్యాయి. తెలుగువాళ్లకు వేరే రాష్ట్రం వచ్చాక అవి మెల్లగా విజయవాడకి చేరాయి. 1952లో విశాలాంధ్ర, 1960లో ఆంధ్రజ్యోతి అక్కడే పుట్టాయి. విజయవాడే ఎందుకు? రైల్వే జంక్షన్ కాబట్టి. అర్ధరాత్రి అచ్చేసి కట్టలు కట్టి స్టేషన్లో పడేస్తే హైదరాబాదు వైపొకటి, మద్రాసు వైపొకటి, హౌరా వైపొకటి బండెక్కిపోతాయి. పత్రికకి అంతకన్నా మంచి చోటు రాష్ట్రంలో లేదు. విజయవాడ పాఠకుడికి మాత్రమే కాదు, గుంటూరు, ఏలూరు పాఠకుడికి కూడా బాగానే ఉండేది. మనకి? 350 కిలోమీటర్లు. అప్పటి రైళ్లు. అవి వేళకి వస్తే కదా.

దీనికో చిట్కా ఉండేది, డాక్ ఎడిషన్ అని. దూరం ఊళ్లకి ముందురోజు సాయంత్రమే అచ్చేసి, మర్నాటి తేదీ వేసి పంపేస్తారు. అది పొద్దున్నే వస్తుంది. కానీ అందులో ఉండేది ముందురోజు మధ్యాహ్నం దాకా జరిగిన సంగతులే. రాత్రి ఢిల్లీలో మంత్రి రాజీనామా చేసినా మన డాక్ ఎడిషన్లో ఆయన ఇంకా మంత్రే. తాజాగా కావాలంటే మధ్యాహ్నం దాకా ఆగాలి, పొద్దున్నే కావాలంటే పాత వార్తతో సరిపెట్టుకోవాలి. ఈ రెంటిలో ఏదో ఒకటి ఏరుకోవడమే ఉత్తరాంధ్ర పాఠకుడి బతుకు. శ్రీకాకుళం అవతల ఇచ్ఛాపురం వాళ్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు.

స్టేషన్‌ని అప్పట్లో వాల్తేరు స్టేషన్ అనేవారు, 1987 దాకా అదే పేరు. పార్సిల్ ఆఫీసు దగ్గర ఏజెంట్లు సైకిళ్లు వేసుకుని నిలబడేవారు. రీడింగు రూముల్లో రిటైరైన పెద్దలు, ఉద్యోగాలు వెతుక్కునే కుర్రాళ్లు పక్కపక్కనే కూర్చుని ఎదురుచూసేవారు. "ఏటండీ, ఇంకా రాలేదా?" "బండి లేటంటండి." వచ్చాక ఒకే పేపరుని నాలుగు షీట్లుగా విడదీసి నలుగురు చదివేవారు. మీకు మొదటి పేజీ దక్కిందంటే ఆ రోజు మీది అదృష్టం.

సరే, వచ్చిన ఆ పేపర్లో మన ఊరి వార్త ఎంత ఉండేది? ఇక్కడొక విలేకరి ఉంటాడు. ఆయన వార్త పోస్టులో పంపుతాడు, లేదా ప్రెస్ టెలిగ్రాం ఇస్తాడు, మరీ పెద్దదైతే ట్రంక్ కాల్ బుక్ చేసి లైను కోసం కూర్చుంటాడు. టెలిగ్రాంకి పదాల లెక్కన డబ్బులు. మరి టెలిగ్రాంకి తగిన వార్త ఏది? మంత్రిగారి పర్యటన, ఓడ జలప్రవేశం, పెద్ద ప్రమాదం. పూర్ణా మార్కెట్లో మురుగు పొంగితే టెలిగ్రాం ఇస్తారా? ఇవ్వరు. ఇచ్చినా వెయ్యరు.

ఇంకో సంగతి చూడండి. 1966. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు.' టి. అమృతరావుగారి నిరాహారదీక్ష. నవంబరు 1న ఇక్కడే, ఈ ఊళ్లోనే పోలీసు కాల్పులు. రాష్ట్రమంతా కలిపి 32 మంది ప్రాణాలు పోయిన ఉద్యమం అది. అంత పెద్ద సంగతి మన వీధిలో జరిగితే, దాని వార్త ఇక్కణ్నుంచి విజయవాడ వెళ్లి, అక్కడ అచ్చయి, రైలెక్కి తిరిగి మన దగ్గరకి రావాలి. ఈలోగా ఊరంతా పుకార్లు. ఎంతమంది పోయారు, ఎవరు పోయారు, కర్ఫ్యూ ఎప్పటిదాకా, మన వీధి కుర్రాడు ఇంటికి వస్తాడా రాడా... ఎవర్ని అడగాలి? రేడియో ప్రభుత్వానిది. పేపరు రేపు మధ్యాహ్నానిది. పత్రిక లేని ఊరు అంటే ఏమిటో నాకు అర్థమైంది ఈ ఒక్క ఉదాహరణతోనే.

ఇప్పుడు రామోజీరావుగారి దగ్గరకి వద్దాం. 1936లో కృష్ణా జిల్లా పెదపారుపూడిలో పుట్టారు. 1962లో మార్గదర్శి చిట్‌ఫండ్స్ పెట్టారు. 1969లో అన్నదాత అని రైతుల మాసపత్రిక మొదలుపెట్టారు. 1974లో ఆయన వయసు 37. ఆ వయసులో, ఆ వ్యాపారాలున్న మనిషి దినపత్రిక పెట్టాలనుకుంటే ఎక్కడ పెట్టాలి? అందరూ ఉన్న విజయవాడలో, లేదంటే రాజధాని హైదరాబాదులో. అంతేగా? ఆయన వచ్చి విశాఖలో, సీతమ్మధారలో పెట్టారు. అప్పటికి సీతమ్మధార అంటే ఊరి చివర.

దీన్ని చాలామంది సాహసం అంటారు, దూరదృష్టి అంటారు, ఉత్తరాంధ్ర మీద ప్రేమ అని కూడా అన్నవాళ్లున్నారు. నాకు అలా కనబడదు. అది వ్యాపారి లెక్క. విజయవాడలో నాలుగు పెద్ద దుకాణాల మధ్య ఐదో దుకాణం పెట్టే బదులు, అసలు దుకాణమే లేని వీధిలో పెట్టడం. మిగతా పత్రికలు ఎంత గొప్పవైనా ఈ ఊరికి మధ్యాహ్నం గాని రాలేవు. నువ్వు సాదాసీదా పత్రిక వేసినా సూర్యుడు రాకముందే గుమ్మంలో ఉంటావు. ఆ ఆరేడు గంటల తేడాయే పెట్టుబడి. వ్యాపారి లెక్క అన్నందుకు ఎవరూ నొచ్చుకోకండి. లెక్క సరిగ్గా వేసినవాడే అందులో నిలబడ్డాడు.

పైగా రోజులు ఎలాంటివి? 1973లో చమురు ధరలు మండిపోయాయి, దాంతోపాటు న్యూస్‌ప్రింటు కూడా. కాగితం చాలావరకు విదేశాల నుంచి రావాలి, దేశంలో చెప్పుకోదగ్గ మిల్లు నేపానగర్లో ఒకటి. పత్రికకెంత కాగితమో ప్రభుత్వం కోటా కట్టేది. పత్రికకి పది పేజీలు మించకూడదని కూడా నిబంధన పెడితే 1972లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అలాంటి కరువు కాలంలో కొత్త దినపత్రిక! మొదట్లో వేసింది కొద్ది వేల కాపీలే. తొలి సంపాదకుడు ఏబీకే ప్రసాద్‌గారు. తర్వాత ఉదయం, వార్త పత్రికల్ని మొదటి రోజు నుంచి నడిపిందీ ఆయనే. కొత్త పేపరు తియ్యాలంటే ముందు ఏబీకేని పిలవాలి అని మాలో మాకు ఒక జోకు ఉండేది.

సీసపు అక్షరాల రోజులు

ఇక్కడ కుర్రాళ్లు కొందరున్నారు కాబట్టి ఆ రోజుల్లో తెలుగు పత్రికాఫీసు ఎలా ఉండేదో చెప్పాలి. ఏ ఒక్క ఆఫీసో కాదు, అన్నీ దాదాపు ఇంతే.

ఒక మూల టెలిప్రింటర్. పీటీఐ, యూఎన్ఐ అనే వార్తా సంస్థల వార్తలు దాంట్లోంచి రాత్రంతా టకటకా వస్తూనే ఉంటాయి, మొత్తం ఇంగ్లీషులో. తెలుగులో ఒక్క ముక్కా రాదు. అంటే మీరు పొద్దున్న చదివే ఢిల్లీ వార్త ప్రతి ముక్కా రాత్రి ఎవడో ఒక సబ్ ఎడిటర్ నిద్రకళ్లతో అనువాదం చేసిందే. ఇంగ్లీషు వాక్యం రైలుబండిలా ఉంటుంది, దాన్ని విప్పి తెలుగులో నాలుగు ముక్కలు చెయ్యాలి. చెయ్యలేనివాడు అలాగే దింపేవాడు. పాఠకుడు రెండుసార్లు చదువుకునేవాడు, పాపం. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారు మన ఉత్తరాంధ్ర మనిషి. ఆయన శిష్యుడు తాపీ ధర్మారావుగారు జనవాణిలో వాడుకభాషలో పత్రిక నడిపి చూపించారు. అయినా ఆ భాష అన్ని పేజీల్లోకీ రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ కథ ఇంకోరోజు.

ఇంకో గదిలో కంపోజింగ్. ఇది చూడనివాళ్లకి చెప్పడం కష్టం. ఏటవాలుగా పెట్టిన చెక్క కేసులు, ఒక్కో కేసులో చిన్న చిన్న గళ్లు, ఒక్కో గడిలో ఒక్కో సీసపు అక్షరం. ఇంగ్లీషు అక్షరాలకి గళ్లు తక్కువ. మనకో? అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు. వందల గళ్లు. కంపోజిటరు ఎడమచేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు పట్టుకుని, కళ్లు రాతప్రతి మీద ఉంచి, కుడిచేత్తో గళ్లలోంచి అక్షరాలు ఏరుతూ ఉంటాడు. గడి వైపు చూడడు. అక్షరం తిరగేసి ఉంటుంది, వరస తలకిందులుగా ఉంటుంది, అయినా వేలు తగలగానే తెలిసిపోతుంది. ఏ గడిలో 'క్ష', ఏ గడిలో 'ర' కింద వచ్చే ఒత్తు, ఆ చేతికి తెలుసు. మాలో పెద్ద చదువులు చదివినవాళ్ల స్పెల్లింగు తప్పుల్ని ఆరో తరగతి చదివిన కంపోజిటరు నోరెత్తకుండా దిద్దిపోయేవాడు. ప్రూఫు వచ్చాక చూస్తే మనం రాసినదానికన్నా బాగుండేది. వాళ్ల పేర్లు ఏ పత్రికలోనూ అచ్చు కాలేదు. వేళ్లకి సీసం నలుపు అంటి సబ్బుతో కూడా పోయేది కాదు. భోజనానికి ముందు చింతపండుతో రుద్దుకునేవాళ్లని నేను చూశాను.

పేజీలు కట్టాక అచ్చు. ఇక్కడ కూడా గడియారమే. ఎక్కువ దూరం వెళ్లే కాపీలు ముందు వెయ్యాలి. విశాఖ నుంచి ఇచ్ఛాపురం 200 కిలోమీటర్లకు పైనే. ఆ వ్యాను ముందు కదలాలి. ఆ తర్వాత దగ్గర ఊళ్లు, అందరికన్నా చివర సిటీ. అందుకే ఇచ్ఛాపురం పేపర్లో లేని అర్ధరాత్రి వార్త విశాఖ పేపర్లో ఉంటుంది. చూశారా? విజయవాడ మనకి చేసిందే విశాఖ ఇచ్ఛాపురానికి చేస్తుంది, కాకపోతే తక్కువ గంటలు.

మరి పొద్దున్నే పేపరు పడ్డంవల్ల మారిందేమిటి? పేజీల్లో ఊరు కనబడ్డం మొదలైంది. ఇవాళ ఏ హాల్లో ఏ సినిమా, ఎక్కడ ఏ సభ, ఏ పేటలో కుళాయి రాలేదు, ఏ రేషన్ షాపులో పంచదార లేదు, పోర్టులో ఏ యూనియన్ సమ్మె నోటీసు ఇచ్చింది. ఇవి అంతకుముందు వార్తలు కావు. పెద్ద పత్రికల పెద్దలు నవ్వారు కూడా, కుళాయి వార్తేమిటయ్యా అని. కుళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడ్డ ఆవిడకి మాత్రం ఢిల్లీ మంత్రివర్గం కన్నా అదే పెద్ద వార్త.

అందులో గడియారం పని ఇంకోటుంది. ఆలోచించండి. 'ఫలానా వీధిలో మూడు రోజులుగా నీళ్లు లేవు' అని మధ్యాహ్నం పేపర్లో వస్తే ఆఫీసరుగారు ఏం చేస్తారు? భోజనానికి వెళ్తారు. అదే వార్త పొద్దున్న ఆరింటికి, పై ఆఫీసరు కాఫీ తాగే టైముకి వస్తే? ఆయన ఫోన్ చేస్తాడు. కింద ఇంజనీరు చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరిగెడతాడు. పత్రికకి పలుకుబడి అలా వచ్చింది. రాతలో పదునువల్ల కొంత, ఆఫీసులు తెరిచేలోపు రావడంవల్ల చాలా.

ఇక్కణ్నుంచి కాస్త వేగంగా వెళ్తాను. పత్రికకి ఏడాది కూడా నిండకముందే 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. సెన్సారు ఆఫీసరు చూసి సరే అంటేనే అచ్చు. ఆ రోజుల్లోనే, 1975 డిసెంబరు 17న హైదరాబాదు ఎడిషన్ మొదలైంది. 1978లో విజయవాడ, పాత పెద్దల ఇంటికే వెళ్లి కూర్చుంది. 1982లో తిరుపతి. అంటే ఎనిమిదేళ్లు తిరిగేసరికే పత్రిక పెద్దదైపోయింది, అసలు ఆఫీసు హైదరాబాదుకు పోయింది, మనది 'విశాఖ యూనిట్' అయింది. పుట్టినింటికి ఎప్పుడూ జరిగేదే అనుకోండి. 1982 మార్చి 29న ఎన్టీఆర్ పార్టీ పెట్టారు, 1983 జనవరికల్లా అధికారంలోకి వచ్చారు. ఆ తొమ్మిది నెలల్లో పత్రిక ఆయన పక్కన నిలబడింది, దాపరికమేమీ లేదు. అది మంచిదా చెడ్డదా అంటే... వద్దులెండి, ఇక్కడ కూర్చున్నవాళ్లలోనే రెండు పార్టీలున్నాయి. నా మటుకు, వార్త చెప్పేవాడు బరిలోకి దిగడం అప్పుడు మొదలైంది, ఆ తర్వాత ఏ పత్రికా మళ్లీ గట్టు మీదకి రాలేదు.

పంచుకున్న ఊళ్లు

నేను అసలు ఎక్కువసేపు చెప్పాలనుకున్నది 1989 సంగతి. ఆ ఏడాది ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది. సగం సైజు టాబ్లాయిడ్, జిల్లాకొకటి, ప్రధాన పత్రిక మడతలో పెట్టి ఇస్తారు. ఇది ఈ దేశంలో భాషా పత్రికలన్నీ చూసి నేర్చుకున్న పని. తర్వాత మా పత్రికలూ అదే చెయ్యాల్సి వచ్చింది, లేకపోతే బతకలేం.

దీని కిటుకు ప్రకటనలో ఉంది. రాష్ట్రమంతా వెళ్లే పేజీలో ప్రకటన వెయ్యాలంటే అనకాపల్లి బెల్లం వ్యాపారికి ఖర్చు తట్టుకోలేనిది. ఒక్క జిల్లాకే వెళ్లే పేజీ అయితే? రేటు అందుబాటులో ఉంటుంది. బట్టల కొట్టు, కోచింగ్ సెంటరు, చిట్టీల కంపెనీ, పుట్టినరోజు శుభాకాంక్షలు, శ్రద్ధాంజలి. అంతకుముందు పత్రికలో ప్రకటన ఇవ్వొచ్చని కూడా అనుకోనివాళ్లంతా ఇచ్చారు.

ఆ పేజీలు నింపాలంటే వార్తలు కావాలి. వార్తలకి మనుషులు కావాలి. మండలానికొక విలేకరి. కంట్రిబ్యూటర్ అంటారు, స్ట్రింగర్ అంటారు. జీతం ఉండదు. అచ్చయిన వార్త పొడుగు కొలిచి సెంటీమీటరుకి ఇంత అని ఇస్తారు. నెలాఖరున ఆ పిల్లలు తమ వార్తలన్నీ కత్తిరించి తెల్లకాగితం మీద అంటించి, స్కేలు పెట్టి కొలిచి, పక్కన అంకె వేసి డెస్కుకి పంపేవాళ్లు. నేను ఆ కాగితాలు సరిచూసే పని చేశాను. నెలంతా కష్టపడినవాడి లెక్క బస్సు ఛార్జీలకి కూడా సరిపోయేది కాదు. మరి వాళ్లు ఎందుకు చేసేవాళ్లు? పేరు కోసం కొందరు. గుర్తింపు కార్డు కోసం కొందరు. నిజంగా ఊరికి మంచి జరగాలని కొందరు, వాళ్లు ఉన్నారు, ఇప్పటికీ ఉన్నారు. ఇంకొందరు కార్డుతో ఏం సంపాదించుకోవచ్చో కనిపెట్టారు. పంద్రాగస్టుకి, జనవరి 26కి, ఉగాదికి ప్రకటనలు తెమ్మని యాజమాన్యాలే టార్గెట్లు పెట్టేవి. పొద్దున్న సర్పంచి మీద వార్త రాసినవాడు సాయంత్రం అదే సర్పంచి దగ్గరకి ప్రకటన కోసం వెళ్లాలి. ఎలా రాస్తాడండీ? మీరే చెప్పండి. నేను పనిచేసిన ఒక పత్రికలో ఇలా అడిగితే "నీ పని డెస్కు, యాడ్స్ సంగతి నీకెందుకు" అన్నారు.

న్యూస్ కవర్ల గురించి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. ఫ్యాక్సులు, మోడెములు రాకముందు వార్త ఆర్టీసీ బస్సులో వచ్చేది. పాడేరు నుంచి, చింతపల్లి నుంచి, నర్సీపట్నం నుంచి. విలేకరి మధ్యాహ్నానికి వార్తలు రాసి, ఫొటో ఉంటే ఫిల్మ్ రోలు కూడా అందులోనే పెట్టి, కవరు మీద ఎర్ర సిరాతో 'న్యూస్ - అర్జెంట్' అని రాసి డ్రైవరు చేతిలో పెడతాడు. డ్రైవరు దాన్ని అద్దం దగ్గర ఇంజను మీద పడేస్తాడు. ఘాట్ రోడ్డంతా దిగి విశాఖ బస్ కాంప్లెక్సుకి వచ్చేసరికి ఆ కవరుకి డీజిలు వాసన, ఇంజను వేడి. మా ఆఫీసు కుర్రాడు సాయంత్రం నుంచీ ప్లాట్‌ఫారాల మీద తిరుగుతూ ఒక్కో బస్సెక్కి అడిగేవాడు, "గురూ, పాడేరు కవరుందా?" బస్సు దారిలో ఆగిపోతే ఆ రోజుకి పాడేరు మండలంలో ఏమీ జరగనట్టే. వానాకాలం కొండ చరియ విరిగి దారి మూసుకుపోయేది. మాకు కావాల్సిన వార్త అదే, ఆ వార్త తేవాల్సిన బస్సు ఆగిపోయింది కూడా అందుకే.

ఇంక తెల్లవారుజాము. ఎప్పుడైనా నాలుగింటికి ఆసీల్మెట్ట జంక్షన్ వైపు వెళ్లారా? వీధిదీపం కింద, మూసిన షాపుల మెట్ల మీద పేపరు కట్టలు. ఏజెంటు సుతిలి తెంపి కాపీలు లెక్కపెట్టుకుంటాడు. ప్రధాన పత్రిక ఒక దొంతర, టాబ్లాయిడ్ ఒక దొంతర, కోచింగ్ సెంటరు కరపత్రాలు ఒక దొంతర. పేపరు కుర్రాడు బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఎడమచేత్తో మడత తెరుస్తాడు, కుడిచేత్తో టాబ్లాయిడ్ తోస్తాడు, దాంతోపాటే కరపత్రం. ఒక్కో కాపీకి ఒకటి రెండు సెకన్లు. వందల కాపీలు. టెన్త్ చదువుతున్న పిల్లలు, ఆరున్నరకల్లా ఇంటికెళ్లి స్నానం చేసి స్కూలుకెళ్లాలి. మనం గొప్పగా చెప్పుకునే 'సూర్యోదయానికి ముందే' అనేదంతా ఆఖరికి ఆ పిల్లల చేతుల మీదే నడిచింది.

జిల్లా అనుబంధం ఊరికి చేసిన మేలు నేను కాదనను. కానీ ఒక నష్టం చేసింది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. జిల్లా సరిహద్దు దగ్గర వార్త ఆగిపోయింది. తగరపువలస మనది, భోగాపురం విజయనగరం జిల్లా. రెండూ పక్కపక్కనే. ఇక్కణ్నుంచి అక్కడికి పెళ్లి సంబంధాలు కూడా ఉన్నాయి. కానీ భోగాపురంలో ఏం జరిగిందో తగరపువలస పేపర్లో ఉండదు, ఎందుకంటే అది వేరే జిల్లా పేజీ.

ఇంకా పెద్ద ఉదాహరణ చెప్తాను. ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరితోటల ఊళ్లు. కిడ్నీ జబ్బు వచ్చి ఒక్కో ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు మంచాన పడ్డారు. వాళ్లు వైద్యం కోసం ఎక్కడికి వచ్చేవారు? మన కేజీహెచ్‌కి. కేజీహెచ్ గేటు ముందు టీ కొట్టు అతనికి ఉద్దానం తెలుసు. డాక్టర్లకి తెలుసు. కానీ రోజూ పొద్దున్నే పేపరు చదివే విశాఖ పాఠకుడికి చాలాకాలం తెలియలేదు. ఆ వార్తలు రాలేదా? వచ్చాయి. శ్రీకాకుళం పేజీల్లో వచ్చాయి. శ్రీకాకుళం వాళ్ల బాధ శ్రీకాకుళం వాళ్లకే చెప్పాం. ప్రభుత్వం నడిపేవాళ్లు చదివే హైదరాబాదు పేజీల్లోకి ఆ వార్త ఎక్కడానికి ఎంతకాలం పట్టిందో ఆ ఊళ్లవాళ్లని అడగండి. మధ్యాహ్నం వచ్చే విజయవాడ పేపరు మనకి ఆలస్యంగా చెప్పింది గానీ అందరికీ ఒకటే చెప్పింది. ఇది పాతకాలం బాగుందని చెప్పడం కాదు సుమా. ఒకటి తెచ్చుకుంటే ఒకటి పోగొట్టుకున్నాం, ఆ పోయిందాన్ని లెక్కలో రాసుకోలేదు, అంతే నేను అంటున్నది.

ఇప్పుడు చూడండి, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు ఇంకా చిన్నవయ్యాయి. అనకాపల్లి వేరే, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా వేరే, పార్వతీపురం మన్యం వేరే. కొత్త సరిహద్దులంటే కొత్త పేజీలు కూడా.

ఆ తర్వాత కథ మీ అందరికీ తెలుసు. 2008 మార్చిలో సాక్షి ఒకేరోజు 23 చోట్ల, అన్నీ రంగు పేజీలతో దిగింది. పోటీలో అందరూ రంగులేశారు. ఈనాడు ఒక దశలో రాష్ట్రాలన్నీ కలిపి రోజుకి 18 లక్షల కాపీలు దాటింది. తర్వాత చేతిలోకి ఫోన్ వచ్చింది. 2020లో కరోనా వచ్చినప్పుడు అపార్టుమెంట్ల గేట్ల దగ్గర పేపరు కుర్రాళ్లని ఆపేశారు. కాగితం ముట్టుకుంటే జబ్బొస్తుందని భయం. అలా మానేసినవాళ్లలో చాలామంది మళ్లీ వేయించుకోలేదు. జిల్లా టాబ్లాయిడ్లు పోయి, ఆ పేజీలు ప్రధాన పత్రికలోకే వచ్చి కలిసిపోయాయి. రామోజీరావుగారు 2024 జూన్ 8న కన్నుమూశారు.

ఇప్పుడు రాత్రి పదింటికి జరిగింది పదీ ఐదుకల్లా ఫోన్లో ఉంటుంది. పొద్దున్న ఆరింటికి గుమ్మంలో పడే పేపరు, మా రీడింగు రూముకి మధ్యాహ్నం వచ్చిన పేపరు లాంటిదే అయింది. మరి దాన్ని ఎందుకు కొనాలి అని మా మనవడు అడుగుతాడు. నా దగ్గర ఉన్న జవాబు ఒకటే. ఫోన్లో నాకు కావాల్సింది వస్తుంది. పేపర్లో నేను అడగంది కూడా ఉంటుంది, టెండరు నోటీసు దగ్గర్నుంచి. వాడికి ఈ జవాబు నచ్చలేదు. నచ్చాలని కూడా లేదు.

ఇంక ఒక్క పని సంగతి చెప్పి కూర్చుంటాను. ఈనాడు పాత ఫైళ్లు వాళ్ల దగ్గర ఉంటాయి. పెద్ద పత్రికలకి ఆ దిగులు లేదు. కానీ ఈ ఊళ్లో వచ్చిన చిన్న దినపత్రికలు, సాయంత్రం పత్రికలు, యూనియన్ల పత్రికలు, కాలేజీ కుర్రాళ్లు ఆరు నెలలు నడిపి అప్పులపాలైన పత్రికలు, వాటిని ఎవరు దాచారు? న్యూస్‌ప్రింటు మంచి కాగితం కాదు. చెక్క గుజ్జులో ఉండే పదార్థం వెలుతురికి పసుపుపచ్చగా మారిపోతుంది, కాగితం పెళుసైపోతుంది, ముట్టుకుంటే అప్పడంలా విరుగుతుంది. మీ ఇళ్లలో అటక మీద, ట్రంకు పెట్టెల్లో, పుస్తకాల అట్టలుగా ఉండే ఉంటాయి. అమ్మా, మీరు తల ఊపుతున్నారు, మీ ఇంట్లో ఉన్నాయన్నమాట. కిలోల లెక్కన పాత పేపర్లవాడికి ఇచ్చే ముందు ఇక్కడ ఒకసారి చూపించండి. సంపాదకీయాలే కావాలని లేదు. సినిమా ప్రకటనలు, బెల్లం ధరలు, పోర్టుకి వచ్చిన ఓడల జాబితా, పెళ్లి ప్రకటనలు, అన్నీ కావాలి. నాఫ్తలీన్ ఉండలు మాత్రం అందులో వెయ్యకండి. మడతపెట్టకుండా, ఎండ తగలకుండా, అట్టల మధ్య పడుకోబెట్టి తీసుకురండి. ఫొటోలు తీసి మీ కాగితం మీకు తిరిగి ఇచ్చే ఏర్పాటు చేస్తామని గ్రంథాలయం వాళ్లు ఒప్పుకున్నారు. చేతులు కట్టుకుని ఆ మూల నిలబడ్డ కుర్రాడే ఆ పని చూస్తాడు. వెళ్లేటప్పుడు అతని నంబరు తీసుకోండి.

మాస్టారు ఏదో అడగాలని చెయ్యెత్తి చాలాసేపైంది. అడగండి మాస్టారూ.